పెంకులు విప్పిన పెద్దమ్మ

చంద్రగిరిలో మా పెద్దమ్మ ఏ మాట చెబుతున్నా నడుమ నడుమ ఇంటి కప్పు వైపు చూసేది. వాసాలకు చెదలు పట్టి, పెంకులు జారి, వానొస్తే పొయ్యి కూడా తడిసిపోయేది. పెద్దనాయనకూ ఆయన తమ్ముడికీ పంపకాలు తేలలేదు. ఒకరు కప్పు మారిస్తే ఇల్లు వాళ్లదైపోతుందని ఇంకొకరు చేయనిచ్చేవారు కాదు.

యుద్ధం నాటి ఒక ఎండాకాలం, అన్నదమ్ములు వ్యాజ్యానికి చిత్తూరు వెళ్లిన రోజున, పెద్దమ్మ తోడికోడలిని వెంటబెట్టుకుని నిచ్చెనెక్కింది. సాయంత్రానికి పెంకులన్నీ వాకిట్లో ఉన్నాయి.

“ఏంది మే ఈ పని? పిచ్చిగాని పట్టిందా?” అని పెద్దనాయన అరిచాడు.

“ఇంగ ఇద్దురూ కలిసి కప్పండి. ల్యాకుంటే అందరం ఈడనే వానలో నానదాం,” అంది పెద్దమ్మ.

వానలకు ముందే కప్పారు. కొత్త దూలాలు, కొత్త వాసాలు, ఎక్కడా సందు లేదు. కానీ ఇల్లు చెరిసగం చేసుకుని, నడుమ కప్పు దాకా గోడ లేపారు. తోడికోడళ్లు మాట్లాడుకోకూడదన్నారు.

తొలి వానకు పెద్దమ్మ ఇంట్లో చుక్క పడలేదు. నేను చూస్తుండగానే ఆమె గోడ దగ్గరికి వెళ్లి, “మే, నీ పక్క కారతా ఉండాదా?” అని అడిగింది. అవతల గాజులు గలగలమన్నాయి. మాట మాత్రం రాలేదు. మరిది ఇంట్లోనే ఉన్నాడు.