బాగయిందని చెప్పని మెకానిక్

మే 14, మంగళవారం. పూరీ గేట్ అనే రైలు గేటు దగ్గర టీ దుకాణం. ఉన్నవాళ్లు: దుకాణం దీదీ, ఏసీ బోగీలు బాగుచేసి రిటైరైన మెకానిక్, నేను.

డైరీలో ఇంతే ఉంది. మిగతాది గుర్తుంది. దీదీ వేసవి బేరమంతా పాత కూల్‌డ్రింకుల ఫ్రిజ్ మీదే. అది చల్లబడటం మానేసింది. మర్నాటికి బాగుకాకపోతే పాత ఇనుము కొట్టుకు పంపేయాలి.

"గేస్ నింపేసి పో దాదా," అందామె.

"కన్నం ఎతక్కుండా నింపితే నాలుగు రోజుల్లో మళ్లీ ఏడుస్తావు."

గొట్టాల్లోకి గాలి ఎక్కించి సబ్బునురగ పూశాడు. ఒక వంపు దగ్గర బుడగలు లేచాయి. అక్కడ అతుకు వేసి, గ్యాస్ నింపి, సీసాలు పెట్టి తలుపు మూశాడు.

"బాగయినట్టేనా?" అన్నాను.

"ఇప్పుడే సెప్పను బాబూ. పొద్దున్న సెప్తాను."

ఏ పని చేసినా ఆయనది ఇదే మాట. మోటారు మోగినంత మాత్రాన నమ్మేవాడు కాదు.

మర్నాడు ఉదయం దీదీ మొదటి సీసా ఆయన చేతిలోనే పెట్టింది. పళ్లు జివ్వుమంటాయని ఆయన చల్లనివి తాగడు. సీసాను చెంపకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ఏటి దాదా, ఇనుము కొట్టుకి కబురెట్టీమంటావా?"

ఆయన సీసా తిరిగి ఇచ్చేశాడు.

"ఇది అమ్ముకో. నాకు ఏడిగా టీ పెట్టు."