పాత చీరతో చేసిన కణం

నా చిన్నప్పుడు ఎర్రగుంట్లలో మా వీధి పిల్లలకు సాయంత్రమైతే ఒకటే పరుగు. నేను మాత్రం మా ఇంటి గడప మీదే. పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. నన్ను ఆటకు రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు.

పక్కింటి అక్క పదో తరగతిలో సైన్సు తప్పి, మళ్ళీ పరీక్షకు కడుతోంది. ఈసారీ పోతే చదువు మాన్పిస్తానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడు. కణకవచం, ప్లాస్మాపొర, కేంద్రకం అంటూ పొద్దున వల్లించింది సాయంత్రానికి మరిచిపోయి కళ్ళు తుడుచుకునేది. ఒకరోజు విసుగెత్తి పుస్తకం మూసేసి, వాళ్ళమ్మ పాత చీరలు రెండు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. పిల్లలందరినీ కేకేసింది. ఆ తర్వాత మా గడప దగ్గరికొచ్చి, నేను నోరు తెరిచేలోపే నన్ను చంకనెత్తుకుంది.

"నువ్వు నడుమ కూసోమ్మే. నువ్వే కేంద్రకం. ఎవరు ఎప్పుడు ఏం చేయల్లో నువ్వే చెప్పల్ల" అంది.

కొందరు నా చుట్టూ నిలబడ్డారు. అందులో ఒకడు మైటోకాండ్రియా. శక్తి పుట్టించాలి కాబట్టి వాడు ఆగకుండా గంతులేయాలి. అందరినీ కలిపి చీర చుట్టి ముడేసింది అక్క. చీరే పొర. అది జంతుకణం. మిగతా పిల్లలు నీళ్ళు. నేను చెయ్యెత్తగానే "నీళ్ళు ఒస్తాండాయి!" అని అరుస్తూ చీర కిందనుంచి దూరారు. చీర ఉబ్బింది, ఇంకా ఉబ్బింది, పర్రున చిరిగింది. ఒకరి మీద ఒకరం దొర్లిపోయాం. నడుస్తూ పడటం నాకు అలవాటే. ఆటలో పడటం అదే మొదటిసారి. మోచెయ్యి చెక్కుకుపోయినా నవ్వు ఆగలేదు.

రెండో చీరతో మేకల దొడ్డిలోకి నడిచాం. నాపబండలు నిలువునా పాతి కట్టిన దొడ్డి అది. బండలే కణకవచం. వాటికి ఆనించి లోపలివైపు చీర కట్టింది. ఇది మొక్క కణం. పచ్చచొక్కా పిల్లవాడు హరితరేణువు. వాణ్ణి ఎండ పడేచోట నిలబెట్టి అన్నం వండమంది. మళ్ళీ చెయ్యెత్తాను. నీళ్ళన్నీ తోసుకొచ్చాయి. ఊపిరాడనంత బిగుసుకుపోయాం. చీర చిరగలేదు, బండ కదల్లేదు.

"అందుకేనమ్మే, ఎముకల్లేకున్నా మొక్క నిలబడతాది!" అని అక్క ఎగిరి గంతేసింది.

అప్పటికి ఆ తోపులాటలో నేను ఓ మూలకు జరిగిపోయాను. నడుమ లేను కాబట్టి ఇక కేంద్రకాన్ని కాననుకుని నా ముఖం చిన్నబోయింది. అక్క పుస్తకం తెచ్చి మొక్క కణం బొమ్మ మీద వేలు పెట్టింది. "సూడు, ఈడ గూడా కేంద్రకం పక్కకే ఉండాది! నడుమంతా నీళ్ళ తిత్తి. పక్కనున్నా కేంద్రకం కేంద్రకమే. ఊఁ, చెయ్యెత్తు!"

ఎత్తాను. మూలనుంచే. పిల్లలందరూ నా చెయ్యి చూసి కదిలారు.

అక్క ఆ ఏడు పాసైంది. చీరలు పాడుచేసినందుకు వాళ్ళమ్మ తిట్టిన తిట్లు వీధంతా విన్నది. ఆ కణం ఆట ఆడిన మర్నాటి నుంచి పిల్లలు నన్ను పిలవకుండా ఆట మొదలుపెట్టలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఏ పెళ్ళికి వెళ్ళినా నా కాలు చూసి పాపం అంటూ ఓ మూల కుర్చీ వేస్తారు. వేయనీ. ఆ మూలనుంచే వడ్డనవాళ్ళను పిలుస్తాను, పెళ్ళికూతుర్ని తొందరపెడతాను, అలిగినవాళ్ళను ఆపుతాను. నేను చెయ్యెత్తితే ఇప్పటికీ పనులు కదులుతాయి.