అయిదు లెక్కపెట్టేదాకా

ఇక రాయడం మానేయమని కంటి డాక్టరు చెప్పినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది డైరీ. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను. పెళ్ళిరోజు రాశాను, జ్వరంలో రాశాను, బడిపంతులుగా పదవీ విరమణ చేసిన సాయంత్రం మెడలో దండ తీయకుండానే రాశాను. ఒక్క తేదీ ఖాళీగా లేదు. ఇప్పుడు చూపుకు నడిమధ్య పొగమరక ఒకటి కుదురుకుంది. ఏ అక్షరాన్ని చూస్తే ఆ అక్షరమే మాయమవుతుంది.

ఆదోనిలో రేడియోలు బాగుచేసే మెకానిక్ ఒకాయన నాకోసం గొంతు పట్టి దాచుకునే చిన్న పెట్టె తయారు చేశాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒకటే బటన్, ఒకటే దీపం.

“ఒక్కటే ఎందుకప్పా?” అన్నాను.

“రెండు పెడితే ఏది యాడుందో తడుముకోవాల సార్. ఒక్కటైతే యాడికి పోతాది?”

అన్ని పనులూ ఆ ఒక్కదానిలోనే. ఒకసారి తాకితే మేలుకుని వింటుంది. మళ్ళీ తాకితే కునుకు తీస్తుంది. దగ్గు వచ్చినప్పుడు అది చాలు. రెండుసార్లు టకటకా తాకితే దాచుకున్నది వినిపిస్తుంది. అయిదు లెక్కపెట్టేదాకా నొక్కిపట్టి వదిలితే, చెప్పినదంతా దాచుకుని నిద్రపోతుంది. పది దాకా నొక్కితే మాత్రం ఉన్నపళంగా స్పృహ తప్పుతుంది. మొరాయించినప్పుడు లొంగదీయడానికి పెట్టిన ఉపాయమది. అప్పుడు, అంతవరకూ దాచుకోని మాటలు పోతాయి.

“అయిదే సార్. మరిసిపోవద్దండి,” అని మూడుసార్లు చెప్పాడు. నేను ఇంటికొచ్చి, ఆ సంగతులన్నీ నా భార్యచేత అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాయించి గోడకు తగిలించాను.

ఎమ్మిగనూరులో మా ఇంటి వసారా. దీపాలు పెట్టే వేళ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఆ రోజు సంగతులు చెప్పేవాణ్ణి. రాసేటప్పుడు రోజు గీతల మధ్య బుద్ధిగా నిలబడేది. చెబుతుంటే నీళ్ళలో పడిన రంగులా ఎటో పాకేది. పొద్దున కొన్న వంకాయలతో మొదలుపెడితే, వీధి చివర మగ్గం చప్పుడులో పడి, ఆ చప్పుడు సన్నగిలేసరికి సి.బెళగల్ దగ్గర మా ఊరి కల్లంలో తేలేవాణ్ణి. కాళ్ళకింద జొన్నపొట్టు మెత్తగా ఉండేది. తూర్పారపట్టిన దుమ్ములో మా నాయన నడుము దాకానే కనిపించేవాడు. చాలాసేపు అక్కడే ఉండి, మెల్లగా తిరిగొచ్చి, బటన్ నొక్కిపట్టి లెక్కపెట్టేవాణ్ణి. దీపం ఆరిపోయేది. నిద్రపోయిందనుకుని పెట్టె మీద తువాలు కప్పేవాణ్ణి.

వారం డైరీని ఆదివారం పొద్దున చదువుకోవడం నా నియమం. మధ్యలో తిరగేయను. ఆ ఆదివారం బటన్ రెండుసార్లు తాకాను. ఏమీ లేదు. మళ్ళీ తాకాను. ఏడు రోజులు లేవు.

ఆ పూటే బస్సెక్కాను. మెకానిక్ శుక్రవారం తప్ప దుకాణం మూయడు. పెట్టె విప్పి, చూసి, బిగించాడు.

“పెట్టెకేం కాలేదు సార్. నా ముందర మీరే ఒకతూరి ఆపండి.”

కళ్ళు మూసుకుని నొక్కిపట్టాను. “లాభం... లాభమో లాభం... రెండో... రెండో రెండు... మూడో...”

నేను అయిదు దాకా వచ్చేసరికి పక్కన టీ తాగుతున్న ఆటో డ్రైవరు పొలమారి దగ్గాడు. మెకానిక్ ఆగి ఆగి నవ్వాడు. “ఇది అయిదా సార్? మీ అయిదు అయ్యేలోపల బస్తా జొన్నలు కొలిచేయొచ్చు! మూడు కాడ్నే దీపం ఎర్రగైంది. అప్పుడే వదలాల. నాలుగు కాడ సచ్చిపోయింది.”

నా పొగమరకలో ఎరుపూ పచ్చా ఒకటే.

మా నాయన ఊళ్ళో వాళ్ళ కల్లాల్లో గింజలు కొలిచేవాడు. ఒకటి అనకుండా లాభం అనేవాడు. ఒక పడి పోసి, మళ్ళీ పడి నింపేదాకా లెక్క తప్పకుండా ఆ అంకెనే పాడుతూ ఉండేవాడు. నేను అంకెలు నేర్చుకున్నది ఆ పాటలోనే. బడిలో పిల్లలకు మామూలుగానే చెప్పాను. కళ్ళు మూసుకోగానే నా నోటికి నాయన లెక్కే వచ్చేసింది.

“పోయినవి మళ్ళీ రావా అప్పా?”

“దాసుకుంటే కదా సార్ వచ్చేకి.” అతను నవ్వడం మానేశాడు. “కావాలంటే మీ లెక్కకు సరిపోయేట్ల టైము పెంచుతా.”

తర్వాత చూద్దామన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పత్తి చేలు మసకగా వెనక్కి పోతున్నాయి. ఏడు ఖాళీ తేదీలు ఒళ్ళో పెట్టుకున్నట్టుంది.

నా భార్య గోంగూర ఒలుస్తోంది. జరిగింది చెప్పాను.

“అయితే మంగళవారం పుచ్చు వంకాయలు తెస్తినని నన్ను తిట్టుకుంటివే, అది కూడా పోయిందా?”

“నీకెట్ల తెలుసు?”

“చెవులు లేవా నాకు? ఇన్నేండ్లు గుట్టుగా రాసుకుంటివి. ఈ వారమే కదా నోరు తెరిచి చెప్తివి. వంటింట్లో కూర్చోని అంతా విన్యా.”

పెట్టె తీసి, ఒకసారి తాకి, ఆమె ముందు పెట్టాను.

పోయిన ఆదివారం నుంచి మొదలుపెట్టింది. గోంగూర కాడలు విరుస్తూనే చెప్పింది. “పుచ్చులు మూడు అంటివి. రెండే.” వాదించబోయి ఊరుకున్నాను. గురువారం దగ్గర ఆమె చేతులు ఆగాయి. “మా మామ కల్లంలో దుమ్ములో నిలబడింది ఆ పొద్దే. పప్పు ఎనపడం ఆపి విన్యా. అడుగంటింది అందుకే.”

“బుధవారం వదిలేస్తివి,” అన్నాను.

“బుధవారం నేను యాడుంటి? చెల్లెలింటికి పోయింటి.”

నేనేం చెప్పానో నాకూ గుర్తులేదు. ఆ తేదీ ఇక ఖాళీయే అనుకున్నాను.

“నువ్వు చెప్పింది తెలీదు. నేను చూసింది చెప్పనా?” అంది. చెల్లెలి మగ్గం మీద సగం నేసిన చీర గురించి, ఆ చిలకాకుపచ్చ గురించి, తెగిన పోగును అతికేటప్పుడు ఇద్దరూ ఊపిరి బిగపట్టడం గురించి చెప్పింది. నా డైరీలో నేను లేని రోజు అదొక్కటే.

చివర బటన్ నొక్కిపట్టాను. నాయన లెక్కే వచ్చింది. “లాభం... లాభమో లాభం... రెండో... రెండో రెండు... మూడో...”

“ఎర్రగైంది,” అంది. “వదులు.”

వదిలాను. కాసేపాగి రెండుసార్లు తాకాను. పెట్టెలోంచి కాడ విరిగిన చప్పుడు, తర్వాత ఆమె గొంతు వచ్చాయి.