వేరుశనగ మేతలో టీకా

ఉదయగిరి పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు పోయారని సోమవారం ఆత్మకూరు బస్సులో కండక్టరు చెప్పాడు. మీలో గొర్రెలున్నవాళ్ళకు ఆయన తెలిసే ఉంటారు. టీకా మందును ఆత్మకూరు నుంచి ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చేవారు. బస్సులో ఒక్క సీటు దొరికితే ఫ్లాస్కును కూర్చోబెట్టి తాను నిలబడేవారు.

పేపరు చదివి మాకు చెప్పడం ఆయన అలవాటు. రెండేళ్ళ కిందట టీ అంగడి దగ్గర ఒక వార్త చెప్పారు. గొర్రెల పారుడు రోగాన్ని ఆపే గుణాన్ని వేరుశనగ మొక్కలోకే ఎక్కిస్తున్నారట. శెనక్కాయ మేత తింటే చాలు, సూది అక్కర్లేని కాలం వస్తుందట.

"అప్పుడు నాకు పనుండదు అబ్బయ్యా" అని నవ్వారు.

ఆ ఏడు నేను విత్తనాల డిపోలో ఇచ్చిన కొత్తరకం వేరుశనగ వేశాను. ఆ మందు చెట్టు ఇదేననుకున్నాను. కాయలు కోశాక మిగిలిన కట్టెంతా గొర్రెలకే మేపాను. ఆయన టీకాలకు వచ్చిన రోజు మందను కొండకు తోలేశాను.

నెల తిరక్కముందే కొండాపురం వైపు నుంచి పారుడు రోగం వచ్చింది. ముక్కులు కారడం, నోట్లో పుండ్లు, విరేచనాలు. నా అరవై గొర్రెల్లో నాలుగు తల వాల్చాయి. కబురు పెడితే మర్నాడు మొదటి బస్సుకే దిగారు.

"టీకా ఎందుకు ఏయించలేదురా?"

"శెనక్కాయ కట్టె మేపినాను సార్. మీరే గదా చెప్పినారు."

"ఆ చెట్టు ఇంకా పరీక్షల్లోనే ఉండాదిరా. నేను సగం చెప్పినాను, నువ్వు సగం విన్నావు. మంద ఏదీ?"

రోగం రాని గొర్రెలను మా తమ్ముడు అప్పటికే కొండెక్కించాడు. నేను పరుగెత్తాను. మందను తోలుకుని దిగివచ్చేసరికి ఆయన ఫ్లాస్కును చెవి దగ్గర ఊపి, ఐసు చప్పుడు వింటున్నారు. వెంటనే మందు కలిపి సూదులు మొదలుపెట్టారు. ఎండ ముదిరింది. ఇంకా ఆరు మిగిలుండగా ఊపితే నీళ్ళ చప్పుడే వచ్చింది. ఐసు కరిగితే మందు చెడినట్టేనని, మిగిలినదాన్ని నేల మీద పోయబోయారు.

"ఏసేయండి సార్, ఏమైతే అదయింది!"

"ఏస్తే నువ్వు ధైర్యంగా ఉంటావు, గొర్రె చస్తాది" అంటూ పోసేశారు.

ఆ ఆరింటిని విడిగా కట్టించి, మర్నాడు మళ్ళీ మొదటి బస్సుకు వచ్చి సూదులు వేశారు. ముందు పడ్డ నాలుగూ చచ్చాయి.

పదో రోజున ఆయన దొడ్లో గొంతుక్కూర్చుని, ఆ ఆరింటి నోళ్ళూ తెరిచి చిగుళ్ళు వేలితో తడిమారు. ఒక్క పుండూ లేదు. నమ్మలేదు. గొర్రె ఊపిరికి మసకబారిన కళ్ళజోడును తుడుచుకోకుండానే, మళ్ళీ మొదటిదాని దవడ పట్టుకున్నారు.