పైన నాది, కింద తమ్ముడిది

మా తమ్ముడు పోయాడు. తెనాలిలో, తన టీవీ రిపేరు షాపులో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. మంగళవారం ఉదయం బాపట్లలో మా స్కూల్లో హాజరు పిలుస్తుంటే మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఒకసారి రండి" అంది. ఎందుకని నేను అడగలేదు. రిజిస్టరు మూసి పక్క క్లాసు టీచరుకు అప్పజెప్పి స్టేషనుకు నడిచాను. రైల్లో ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను. వాడి పేరొక్కటే వచ్చింది.

గుండె అన్నారు. నలభై అయిదేళ్ళు. భూస్థాపన అయింది, ఆదరణ కూటం కూడా అయింది. పాస్టరు గారు బాగా మాట్లాడారు. బజారులో షాపులవాళ్ళు, వాడు సెట్లు బాగుచేసిన ఇళ్ళవాళ్ళు చాలామంది వచ్చారు. మంచివాడు అన్నారు. నిజమే. ముగ్గురిలో పెద్దదాన్ని కదా, నన్ను కూడా రెండు మాటలు చెప్పమని మైకిచ్చారు. లేచి వందనాలు చెప్పి కూర్చున్నాను. అక్కడ రాని మాటలు ఇక్కడ రాస్తున్నాను. వింటే మీకు చిన్న సంగతిలా ఉంటుంది. మేం ఆడుకున్న ఒక కార్ల పందెం గురించి.

మేం పెరిగింది రేపల్లెలో. నాకూ తమ్ముడికీ పన్నెండేళ్ళ తేడా. మధ్యలో చెల్లెలు. తను ఇప్పటికీ రేపల్లెలోనే ఉంది. నాన్న తొందరగా పోయారు. తమ్ముడు టీవీల పని నేర్చుకుని తెనాలిలో షాపు పెట్టాక అమ్మను తన దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటినుంచి ఆదివారం ఆరాధన అయ్యాక నేను బాపట్ల నుంచి, చెల్లెలు రేపల్లె నుంచి రైలెక్కి తెనాలి చేరేవాళ్ళం. మధ్యాహ్నం భోజనం అక్కడే. సాయంత్రం ప్రార్థన చేసుకుని ఎవరి రైలు వాళ్ళం ఎక్కేవాళ్ళం.

ఒక ఆదివారం వెళ్ళేసరికి టీవీ కింద వీడియో గేములాడే నల్లటి డబ్బా ఒకటి ఉంది. ఎవరో పాత సెట్టుతో పాటు షాపులో వదిలేసి, మాకొద్దన్నారట. దానికి రెండు జాయ్‌స్టిక్కులు. తమ్ముడు ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నాకేంట్రా ఇవన్నీ?" అన్నాను.

"పెద్దదానివి, మొదటిది నీదే. పట్టుకో."

తెర అడ్డంగా రెండు ముక్కలైంది. పైన ఒక కారు, కింద ఒక కారు. నేను వెళ్ళి వెళ్ళి గోడకు గుద్దాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ గుద్దాను. కారు చక్కగా పోతున్నట్టే కనిపిస్తోంది, గుద్దిన చప్పుడు మాత్రం నాదేనంటాడు తమ్ముడు. మూడు పందేలయ్యాక అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్న చెల్లెలు పడీపడీ నవ్వింది. "అక్కా, ఇందాకట్నుంచి నువ్వు చూస్తోంది వాడి కారే!"

"పైన నీది, కింద నాది" అన్నాడు తమ్ముడు ఓపిగ్గా. "నీది నువ్వు చూసుకో అక్కా. నాది నేను చూసుకుంటా."

ఆ అలవాటు నాకు పోలేదు. ఇరవై ఏళ్ళు ఆడినా ఒక కన్ను కింద ముక్క మీదే ఉండేది. అక్కనైనందుకేమో. లెక్కల టీచర్ని, పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూస్తే ఊరుకోను. అక్కడ మాత్రం పక్కవాడిది చూడకుండా ఒక్క మలుపు కూడా తిప్పలేదు.

ఆ జాయ్‌స్టిక్కుల వైర్లు పొట్టివి. టీవీ ముందుకు దివాన్ మంచం లాక్కుని భుజానికి భుజం ఆనించి కూర్చోవాలి. మలుపు వస్తే ఇద్దరం ఒకే వైపు వాలేవాళ్ళం. నేను పందెం మొదలయ్యే ముందు కళ్ళు మూసుకునేదాన్ని. "అక్కా, కార్లకు ప్రార్థన అక్కర్లేదు, బ్రేకు నొక్కు చాలు" అనేవాడు.

ప్రార్థన మాటకొస్తే, మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మొదట్లో, పందెం ఓడినవాళ్ళు ఆ సాయంత్రం ప్రార్థన నడిపించాలి అన్నాడు తమ్ముడు. అమ్మకు కోపం వచ్చింది. "ప్రార్థన శిక్షేంట్రా? ఓడితే వేసే శిక్షా?" అంది. వాడు తల గోక్కున్నాడు. "సరే అమ్మా, తిప్పేద్దాం. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ కోసం ప్రార్థన చేయాలి. ఊరికే కాదు. ఏం కష్టమో అడిగి, దానికోసం చేయాలి." అమ్మ ఆలోచించి సరేనంది.

షాపులో వాడిది ఒక పని పద్ధతి. సెట్టు రాగానే ఒక అట్టముక్క మీద పేరు, ఊరు, కంప్లయింటు రాసి దారంతో కట్టేవాడు. ఏమైందో చెప్పకుండా సెట్టు పెట్టేసి పోబోతే ఆపేవాడు. "కంప్లయింటు చెప్పండి బాబాయ్, చెప్పందే విప్పను" అనేవాడు. ఆ మాటే ఇంటికీ తెచ్చాడు. గెలిచినవాళ్ళు జాయ్‌స్టిక్ కింద పెట్టి అడగాలి: "కంప్లయింటు ఏంటి?" ఓడినవాళ్ళు చెప్పాలి. చెప్పేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడనక్కర్లేదు. ఇద్దరి కళ్ళూ టీవీ మీదే. అందుకే చెప్పగలిగేవాళ్ళం అనుకుంటాను.

వాడు మొట్టమొదట ఓడిపోయిన రోజు గుర్తుంది. నాలాంటిదాని చేతిలో ఎలా ఓడాడో ఎవరికీ అర్థం కాలేదు.

"కంప్లయింటు ఏంట్రా?" అన్నాను.

"చిన్నక్క నవ్వకూడదు."

"నవ్వన్లే, చెప్పు" అంది చెల్లెలు అప్పుడే నవ్వుతూ.

"కర్లపాలెంలో ఒకళ్ళింటికి సెట్టు చూట్టానికి వెళ్ళాను. బాగయింది. అయినా ఇంకో రెండుసార్లు వెళ్ళాను."

"సెట్టు కోసమా?"

"సెట్టు బాగుందని చెప్పానుగా అక్కా."

అమ్మ బియ్యం చాట కింద పెట్టింది. ఆ సాయంత్రం నేను చేసిన ప్రార్థనకు జవాబే మా మరదలు.

మా ఆయన చనిపోయిన ఏడాది నేనే అన్నీ ఓడిపోయాను. వేళ్ళు కదిలేవి కావు. వాడు అడిగేవాడు. నేను చెప్పేదాన్ని: ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మళ్ళీ వారం అడిగేవాడు. అదే చెప్పేదాన్ని. వాడి ప్రార్థనలు పొట్టిగా ఉండేవి. "ప్రభువా, అక్క ఇంట్లో కాస్త చప్పుడు పెట్టు." అంతే. తర్వాతి ఆదివారం షాపు నుంచి ఒక రేడియో తెచ్చి నా సంచిలో పెట్టాడు.

కొన్నేళ్ళకు నాకొక సంగతి తెలిసింది. వాడు ఓడిపోవడం లేదు, చెప్పుకోవాలనుకున్న రోజున ఆగుతున్నాడు. నేను పైన మలుపుల్లో కొట్టుకుంటుంటే కింద ముక్కలో వాడి కారు తిన్నని రోడ్డు మీద, ఏ అడ్డూ లేని చోట, నెమ్మదించేది. ఒక్కోసారి పూర్తిగా నిలబడేది, నన్ను ముందుకు పోనిచ్చి మళ్ళీ కదిలేది. నేను చూసీ చూడనట్టుండేదాన్ని. గెలిచి, అడిగేదాన్ని. షాపుకు జనం తగ్గుతున్నారని అలాగే చెప్పాడు. అమ్మకు ఇక ఎక్కువ రోజుల్లేవని డాక్టరు అన్న సంగతి కూడా అలాగే చెప్పాడు.

అమ్మ పోయాక ఆ డబ్బా కూడా పాడైంది. డిస్కు చదవడం మానేసింది. లెన్సు పోయిందన్నాడు. ఆ లెన్సు ఇప్పుడు ఎక్కడా రావట్లేదన్నాడు. ఊళ్ళో అందరి సెట్లూ బాగుచేసినవాడు, తన ఇంట్లోది చేసుకోలేకపోయాడు. కొన్నాళ్ళకు కొత్తది కొన్నాడు. ఆ ఆదివారం ముగ్గురం దివాన్ మీద కూర్చున్నాం. బొమ్మ అద్భుతంగా ఉంది. రోడ్డు మీద వాన పడితే తడి కనిపిస్తోంది. తమ్ముడు ఒక్కో పేజీ తిప్పి వెతుకుతూనే ఉన్నాడు.

"ఏంట్రా వెతుకుతున్నావు?" అన్నాను.

"ఇద్దరాడేది. కనిపించట్లేదు."

చాలాసేపు వెతికాడు. ఫోన్లో చూశాడు. చివరికి చెప్పాడు. "తీసేశారంట అక్కా. ఇద్దరాడాలంటే రెండు డబ్బాలు, రెండు టీవీలు, ఇంటర్నెట్టు ఉండాలంట. పక్కపక్కన కూర్చుంటే కుదరదంట."

"అయితే నేను వంటింట్లో కూర్చుని ఆడాలా?" అంది చెల్లెలు.

నవ్వాం. ఆ రోజు ఒకరు ఆడితే ఇద్దరం చూశాం. అందరం ఓడాం, ఎవరో ఊరూపేరూ తెలియనివాళ్ళ చేతిలో. సాయంత్రం ఎవరు ఎవరికోసం ప్రార్థన చేయాలో తెలియలేదు. మామూలు ప్రార్థన చేసుకుని రైళ్ళెక్కాం.

వాడు ఊరుకోలేదు. నా ఇంటికి ఇంకో డబ్బా తెచ్చి బిగించాడు. చెవులకు పెట్టుకునేది కూడా తెచ్చాడు. "ఇక మోకాళ్ళ నొప్పులతో రైలెక్కి రానక్కర్లేదు అక్కా, ఇంట్లోంచే ఆడొచ్చు" అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే. నాకూ మోకాళ్ళు నొప్పే. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని నెలకోసారి, తర్వాత పండక్కి. చెల్లెలూ తగ్గించింది. ఆదివారం సాయంత్రం చెవిలో వాడి గొంతు వినిపించేది. పందెం ఆడేవాళ్ళం. తెరంతా నాదే. ఒకటే రోడ్డు, ఒకటే కారు. కింద ముక్క లేదు. వాడెక్కడున్నాడో, ఎలా నడుపుతున్నాడో నాకు తెలిసేది కాదు. గెలిస్తే గెలిచానని వచ్చేది.

వాడు పోవడానికి రెండు ఆదివారాల ముందు నేను గెలిచాను. చాలా తేడాతో గెలిచాను. పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి బల్ల మీద ఉన్నాయి. ఒళ్ళు అలసిపోయి ఉంది.

"గెలిచాను రా" అన్నాను.

"గెలిచావు అక్కా. కంప్లయింటు చెప్పనా?"

"చెప్పు."

తెర మీద గుండ్రంగా ఒకటి తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి, కనెక్షన్ పోయిందని వచ్చింది. వాడే ఫోన్ చేస్తాడులే అనుకున్నాను. నేను చేయలేదు. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఫోన్ పక్కనే ఉంది, చేయలేదు. పేపర్లు తీసుకున్నాను. పడుకునే ముందు ప్రార్థనలో తమ్ముణ్ణి చల్లగా చూడమన్నాను. ఏ విషయంలో చూడాలో చెప్పలేదు. నాకు తెలియదు కదా.

మళ్ళీ ఆదివారం స్కూలు పని ఉందని ఆడలేదు. మంగళవారం వాడు లేడు.

కూటం అయ్యాక మరదలు నా పక్కన కూర్చుంది. "గుంటూరులో టెస్టులు చేయించుకున్నారు వదినా. నాకు కూడా సగమే చెప్పారు. ఆపరేషన్ అంటే భయపడ్డారు. పెద్దక్కకు చెప్పి వెళ్తానన్నారు. మీకు చెప్పలేదా?"

"చెప్పబోయాడమ్మా" అన్నాను.

ఆ పందెంలో వాడి కారు ఎక్కడో ఆగి ఉంటుంది. తిన్నని రోడ్డు మీద, ఏ అడ్డూ లేని చోట. కింద ముక్క ఉంటే చూసేదాన్ని. చూస్తే లేచి రైలెక్కేదాన్ని. ఇది ఆటను తప్పుపట్టడం కాదు. ఫోన్ ఎందుకు చేయలేదని నన్ను నేను కూడా ఎన్నిసార్లు అడిగానో దేవుడికి తెలుసు. అలసిపోయాను. పక్కన కూర్చుని ఆడే ఆట ఎందుకు తీసేశారో చిన్నవాళ్ళెవరైనా చెబితే వింటాను. కోపం లేదు. తెలుసుకోవాలని అంతే.

మొన్న ఆదివారం తెనాలి వెళ్ళాను. షాపు ఖాళీ చేయాలి. జనం సెట్లు అట్టముక్కలు చూసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాం. బల్ల కింద, అన్నిటికంటే లోపల, ఆ పాత నల్లటి డబ్బా ఉంది. దానికీ ఒక అట్టముక్క కట్టి ఉంది. వాడి చేతిరాత.

పేరు: పెద్దక్క. ఊరు: బాపట్ల. కంప్లయింటు: లెన్సు. కింద ఎర్ర సిరాతో, ఓకే.

ఎక్కడ దొరికిందో ఆ లెన్సు. ఎన్నాళ్ళు వెతికాడో. నాకు చెప్పలేదు.

తమ్ముడి ఇంటికి తెచ్చి మరదలూ నేనూ టీవీకి తగిలించాం. దివాన్ ముందుకు లాగాం. వైర్లు అప్పటిలాగే పొట్టివి. మొదటిది నేను తీసుకున్నాను. రెండోది నా పక్కన, వాడు కూర్చునే చోట పెట్టాను. ఇద్దరు అని నొక్కాను. తెర రెండు ముక్కలైంది.

పందెం మొదలైంది. పైన నా కారు కదిలింది. కింద వాడిది గీత దగ్గరే నిలబడింది. నేను నెమ్మదిగా వెళ్ళాను. అన్ని మలుపులూ గుర్తున్నాయి. ఒక చుట్టు అయింది, రెండయ్యాయి. మూడోది చివరిది. బయల్దేరిన ఆ గీతే మళ్ళీ దాటితే గెలుస్తాను. గెలిస్తే అడగాలి. అడిగితే చెప్పేవాళ్ళు పక్కన లేరు.

గీతకు కొంచెం ఇవతల, వాడి కారు పక్కకు తెచ్చి బ్రేకు నొక్కాను.

మరదలు వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఆపేయమంటారా వదినా?"

"ఉండనీ అమ్మా."

ఆ ఆట ఎవరినీ తొందరపెట్టదు. పైన ముక్కలో రెండు కార్లున్నాయి, నాదీ, పక్కన వాడిదీ. కింద ముక్కలో కూడా రెండు కార్లున్నాయి, వాడిదీ, పక్కన నాదీ. రెండిటి ఇంజన్లూ సన్నగా మోగుతున్నాయి.