నా మోచేతికి మూడు కొలతలు

తెలంగాణ వచ్చే ముందు సంవత్సరం మల్లాపూర్ మలుపులో ఒక కుక్కను తప్పించబోయి, బండి మీద నుంచి పడి, నా కుడి మోచేయి విరగ్గొట్టుకున్నాను. కుక్కకు ఏమీ కాలేదు. నేను రోడ్డు మీద పడి ఉంటే అది వచ్చి నా హెల్మెట్ వాసన చూసి, మనిషి నచ్చనట్టు వెళ్ళిపోయింది. ఉప్పల్‌లో ఎముకల డాక్టర్ లోపల ప్లేటు వేసి, మరలు బిగించి, కట్టు కట్టాడు. కట్టు విప్పేసరికి మోచేయి బిగుసుకుపోయి ఉంది. చాచమంటే బాగానే చాస్తుంది. మడవమంటే మాత్రం చెయ్యి గడ్డం దాకా వచ్చి, నోటికి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోతుంది.

రెండు వేళ్ళేగా అంటారు వినేవాళ్ళు. అన్నం తినేవాడికి అది చాలా దూరం. పప్పన్నం కలుపుతాను, ముద్ద చేస్తాను, ఎత్తుతాను. ముద్ద గడ్డం ముందు నిలబడిపోతుంది. మెడ చాపుతాను, నాలుక చాపుతాను. సగం నేను తింటే సగం నా చొక్కా తింటుంది. ఎడమ చేత్తో తినడం మా ఇంటా వంటా లేదు. అందుకని చెంచా పట్టాను. కంపెనీ క్యాంటీన్లో "దొరా, ఫోర్కు గూడ తెప్పియ్యాల్నా?" అని రోజూ కుశలం అడిగేవాళ్ళు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. బంతిలో కూర్చుని చెంచా అడిగితే వడ్డించేవాడు చూసే చూపు నాకు అరిగేది కాదు. ఇప్పుడు నవ్వులాటగా చెబుతున్నాను గానీ అప్పట్లో ఏడుపొచ్చేది. కడుపు నిండేది, తిన్నట్టు ఉండేది కాదు.

దానికి దారి ఒకటే ఉంది. మోచేయి మళ్ళీ కోసి, లోపల బిగుసుకున్నదాన్ని వదులు చేయాలి. కానీ వేళ్ళకు వెళ్ళే నరం ఆ పక్కనే ఉంటుందట. దానికేమన్నా అయితే ఉన్న వేళ్ళు కూడా పనికిరాకుండా పోతాయి. అందుకే డాక్టర్ తొందరపడలేదు. కోణాలు చూసే ప్లాస్టిక్ కొలబద్ద నా మోచేతికి ఆనించి, "బార్డర్‌ల ఉన్నది. కరెక్టుగ కొలిపిద్దాం. పనికొచ్చేంత మడుస్తున్నదని రిపోర్టొస్తే ముట్టుకోను. లేదంటే ఆపరేషన్ జేస్త" అన్నాడు. కీళ్ళ కదలికను కొలిచే యంత్రాల్లో ఏది మేలో తేల్చడానికి నాచారంలో ఒక పరిశోధక విద్యార్థి తంటాలు పడుతున్నాడట. అతనికి చేతులు కావాలి, నాకు కొలత కావాలి. డాక్టర్ ఇద్దరికీ సంబంధం కుదిర్చాడు.

నాదీ కొలతల ఉద్యోగమే. నాచారంలోనే ఒక చిన్న ఇంజినీరింగ్ కంపెనీలో, తయారైన ముక్కల్ని కొలిచి, బాగున్నవాటిని ముందుకు పంపి, బాగులేనివాటిని వెనక్కి తోసేవాణ్ణి. కాబట్టి ఆ ల్యాబ్‌కు అత్తగారింటికి వెళ్ళినంత ధీమాగా వెళ్ళాను, భార్యను వెంటబెట్టుకుని.

ల్యాబ్ అంటే పాత ఫ్యాక్టరీ షెడ్డు. మొదటి యంత్రం అందులో మహారాజు. చుట్టూ గోడలకు కెమెరాలు. చేతికి మెరిసే గోలీల్లాంటి ఉండలు అతికిస్తారు. కెమెరాలు ఆ ఉండల్ని చూసి మోచేయి ఎంత మడిచామో లెక్కగడతాయి. అతికించడానికి ముందు నా చేతి వెంట్రుకలు గొరిగారు. అంతదాకా తిరుపతిలో తప్ప ఎక్కడా వెంట్రుకలివ్వని నేను సైన్సుకు కూడా ఇచ్చుకున్నాను. చెమటకు ఒక ఉండ ఊడి బల్ల కిందికి దొర్లింది. తెర మీద నా మోచేయి కూడా దాని వెంటే బల్ల కిందికి వెళ్ళింది.

రెండోదానికి కెమెరాలు లేవు. అగ్గిపెట్టెల్లాంటి రెండు సెన్సర్లను ఒకటి భుజం కింద, ఒకటి మణికట్టు దగ్గర పట్టీలతో కడతారు. చెయ్యి ఎటు తిరిగిందో అవే చెబుతాయి. "ఇనుముకి దూరంగా ఉండాలండి, లేకపోతే వాటికి దిక్కు తప్పుతుందండి" అన్నాడు విద్యార్థి. అతనిది కోస్తా వైపు. నేను షెడ్డు స్తంభాలు చూశాను, ఇనుము. దూలాలు ఇనుము. నేను కూర్చున్న కుర్చీ ఇనుము.

"ఇనుముకు దూరమంటే నాచారం దాటి పోవాలె తమ్మీ" అన్నాను. అతను నవ్వలేదు, రాసుకున్నాడు.

మూడోది పిల్లలు టీవీ ముందు ఎగిరి ఆడుకోవడానికి కొనిపించుకునే ఆట కెమెరా. అతికించేది లేదు, కట్టేది లేదు. ఎదురుగా నిలబడితే తనే మనిషిని గుర్తుపట్టి తెర మీద ఎముకల బొమ్మ గీస్తుంది. నన్ను గుర్తుపట్టింది. వెనకాల నిలబడ్డ నా భార్యనూ గుర్తుపట్టింది. కాసేపటికి నా కుడి చెయ్యి తీసి ఆమెకు తగిలించింది.

"నా చెయ్యి నీకు వెట్టింది సూడు" అన్నాను.

"ఉండనియ్యుండ్రి. ఇంట్ల పనికి రెండు సాల్తలెవ్వు" అంది ఆమె.

ఒకే చేతిని ఒకే పూట మూడూ కొలిచాయి. ఒకదాని లెక్కలో నా చెయ్యి దాదాపు మామూలు చెయ్యి. ఇంకోదాని లెక్కలో అది కట్టె. మూడోది మర్యాదగా మధ్యలో ఆగింది. మా కంపెనీలో ఒకే ముక్కకు మూడు కొలతలొస్తే ముక్కను కాదు, కొలిచినవాణ్ణి వెనక్కి తోస్తారు. ఇక్కడ దాన్ని థీసిస్ అంటారని తెలిసింది.

మూడూ ఏకమైంది ఒక్క విషయంలోనే, చివర పెట్టిన తినే పరీక్షలో. ఖాళీ గిన్నె, చెంచా ఇచ్చి, చెంచాను నోటికి తీసుకెళ్ళమన్నారు. నా చెయ్యి ఎప్పటిలాగే గడ్డం దగ్గర ఆగింది. మిగతా దూరం చెంచా కాడ చూసుకుంది. నేను భేషుగ్గా తినగలనని మూడు యంత్రాలూ ముక్తకంఠంతో తేల్చాయి.

"చేత్తోటి తినే పరీక్ష లేదా?" అని అడిగాను.

"పద్ధతిలో చెంచాయే రాసుందండి. అన్ని దేశాల్లో ఇలాగే చేస్తారండి" అన్నాడు పాపం. ఆ పద్ధతి రాసిన మహానుభావుడెవరో గానీ జన్మలో వేలితో పచ్చడి నాకి ఉండడు.

రిపోర్టు చూసి డాక్టర్ సంబరపడ్డాడు. "తినొస్తున్నదని మూడిట్ల వచ్చింది. ఇంకెందుకు కోసుడు?"

నాకు కోపమొచ్చింది. నా భార్య సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, ఆయన బల్ల మీద ఎక్స్‌రేల పక్కన పెట్టి, మూత తీసింది. "తినుండ్రి" అంది నాతో. తలుపు సందులోంచి బయటి పేషెంట్లు చూస్తున్నారు. కలిపాను. ముద్ద ఎత్తాను. గడ్డం దగ్గర ఆగింది. సిగ్గు చంపుకుని మెడ చాపాను, నాలుక చాపాను. అన్నం నా ఎక్స్‌రే మీద రాలింది.

"చెంచాతోటి..." అని డాక్టర్ మొదలుపెట్టాడు.

"మీరింట్ల చెంచాతోటే తింటరా సార్?" అంది ఆమె.

ఆయన తన కుడి చేతిని మెల్లగా నోటిదాకా మడిచి చూసుకున్నాడు. దించి, మళ్ళీ మడిచాడు. తర్వాత నరం సంగతి దాచకుండా ఇంకోసారి చెప్పి, "భయమైతున్నదా?" అని అడిగాడు.

"అయితున్నది సార్. అయినా కొయ్యుండ్రి" అన్నాను.

కోశాడు. వేళ్ళు దక్కాయి. తర్వాత నెలల తరబడి ఆ మోచేతిని మడిపించిన ఫిజియోథెరపీ ఆయన్ను నేను మనసులో తిట్టని తిట్టు లేదు. ఇంత కష్టానికీ వచ్చింది కొంచెమే. ఇంతకన్నా రాదని డాక్టర్ తేల్చేశాడు. ఆ తర్వాత ఒక పొద్దున మొదటిసారి చెంచా పక్కన పెట్టి, చద్దన్నం కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని ముద్ద ఎత్తితే అది పెదవికి తగిలింది. ఇంకొంచెం ఎత్తాను, లోపలికి పోయింది. నా భార్య అది చూసి, ఇంకేం అనాలో తోచనట్టు, "ఉప్పు సరివోయిందా?" అని అడిగింది. నేను ఏడుస్తున్నాను.

ఆ రోజే ల్యాబ్‌కు వెళ్ళాల్సి ఉంది. విద్యార్థి థీసిస్ ముగియాలంటే ఆపరేషన్ తర్వాతి కొలతలు కావాలి. మళ్ళీ గొరుగుడు, ఉండలు, అగ్గిపెట్టెలు, ఆట కెమెరా. అన్నీ అయ్యాక అతను కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుని, చావు కబురు చెప్పేవాడిలా నావైపు తిరిగాడు.

"ఏమనుకోకండి సార్. తేడా చాలా తక్కువండి. మా మెషీన్లు మామూలుగా చేసే పొరపాటు దీనికన్నా ఎక్కువుంటుందండి. మీ చెయ్యి బాగుపడిందని నేను రాయలేనండి."

"మరేమని రాస్తవ్ తమ్మీ?"

"మార్పు లేదు అని రాయాలండి."

"రాసుకో" అన్నాను. కుడి చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఎంత కడుక్కున్నా వేళ్ళకు ఉల్లిపాయ వాసన ఇంకా పోలేదు.