బంద్ లేని రోజున కాలేజీ బంద్

మా మనవరాలు చదివే దిల్‌సుఖ్‌నగర్ కార్పొరేట్ కాలేజీకి ఈ రోజు వెళ్లాను. తెలంగాణ బంద్‌ల వల్ల తొమ్మిది రోజుల పాఠాలు పోయాయనీ, వాటిని పిల్లలే చదువుకోవాలనీ అక్కడ నోటీసు పెట్టారు. ఇంటర్ పరీక్షలు నెల రోజుల్లోనే ఉన్నాయి. నేను రోజూ డైరీ రాస్తాను. అందులో బంద్ జరిగినవి ఆరు రోజులే. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి ఆ మాటే అడిగాను.

"మిగతా మూడు రోజులూ గొడవలేనండీ, మామ్మగారూ" అన్నారు ప్రిన్సిపాల్.

"గా మూడు రోజులు మీ మూసారాంబాగ్ బ్రాంచిల క్లాసులు మంచిగనే నడిచినయి. మా పక్కింటి పిల్ల పోయొచ్చింది. ఈడి సార్లను ఆడికి పంపి, తప్పు ఉద్యమం మీదికి నెడ్తరా? ఆరు రోజులు మావి, ఒప్పుకుంటం. మూడు మాత్రం మీవి."

"గట్ల అడుగు పెద్దమ్మా!" అన్నాడు నా వెనక నిలబడ్డ ఒక తండ్రి. బయట ఉన్న తల్లిదండ్రులంతా లోపలికి వచ్చేశారు.

ప్రిన్సిపాల్ తన చేత్తోనే పాత నోటీసు తీసేసి, మూడు ఆదివారాలు క్లాసులు పెడతామని కొత్తది రాసి సంతకం చేశారు. నేను మెట్లు దిగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు.

తొమ్మిదీ అడగాల్సిందని కొందరన్నారు. కాలేజీ వాళ్లు చేయని తప్పు వాళ్ల నెత్తిన రుద్దితే వాళ్లకూ నాకూ తేడా ఏముంది? ఆదివారాలు పోయాయని మనవరాలు మాత్రం నాతో మాట్లాడటం లేదు. మీరైతే ఎన్ని రోజులు అడిగేవారు?